లైబ్రరీలకు వీసాలిచ్చిన కాక

మా ఆఫీసులో కొత్త లైబ్రరీ కావాలంటే ముందు మేమంతా కాక, అంటే బాబాయి, అని పిలిచే పెద్దాయన ఎదుట కూర్చోవాలి. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన కళ్లద్దాలు తుడుచుకునేదాకా ఆగి, అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాలి. లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు. ఎక్కడో ఎవరో ఒక పని కోసం ప్రోగ్రాం ముక్క రాసి, కావలసినవాళ్లు వాడుకోండని లోకం మీద వదిలేస్తారు. అదే పని మనకూ పడితే మొదటినుంచి రాయకుండా ఆ ముక్కను తెచ్చి మన దాంట్లో కలుపుకుంటాం. ప్రోగ్రాములు రాసేవాళ్లంతా ఇలా అడుక్కొచ్చినవాటి మీదే బతుకుతారు. పైకి చెప్పుకోరు, అంతే.

మిగతా చోట్ల ఎవరికి కావలసింది వాళ్లు ఇంటర్నెట్‌లోంచి దింపుకుంటారు. జగిత్యాలలో ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉన్న మా తొమ్మిదిమంది ఆఫీసులో అలా కుదరదు. నేను చేరకముందు ఒకాయన తొందరలో ఏదో లైబ్రరీ దింపి కలిపాడట. వారం తిరక్కుండా, కోరుట్లలో మా ప్రోగ్రాం వాడేవాళ్ల కంప్యూటర్లలో బట్టతలకు నూనె అని ప్రకటనలు రావడం మొదలైంది. వాళ్లు ఫోన్ చేశారు, ఫిర్యాదుకు కాదు, ఆ నూనె జగిత్యాలలో దొరుకుతుందా అని. మా ఓనరు మాత్రం తల పట్టుకుని, ప్రోగ్రాములు తయారుచేసే మిషన్‌కు ఇంటర్నెట్ కోసేసి, ఆఫీసుకు సొంతంగా ఒక స్టోర్ పెట్టాడు. స్టోర్ అంటే గది కాదు, అదీ కంప్యూటర్లోనే ఉంటుంది. బయటి లైబ్రరీ ఏదైనా ముందు అందులోకి రావాలి. మా మిషన్ అక్కడ ఉన్నదే తీసుకుంటుంది. లేనిది అడిగితే ఆగిపోతుంది.

ఆ స్టోర్ పాస్‌వర్డ్‌ను ఓనరు మా ఎవరికీ ఇవ్వలేదు. కాకకు ఇచ్చాడు. కాకది ఇబ్రహీంపట్నం వైపు ఊరు, తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. చెట్టెక్కే పని తండ్రితోనే ఆగిపోయింది. కాక గల్ఫ్‌కు పోయి ఇరవై రెండేళ్లు ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేశాడు. హెల్మెట్ కావాలన్నా, జత చేతితొడుగులు కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడాల్సిందేనట. తిరిగొచ్చాక ఖాళీగా ఉంటే ఓనరు పిలిచి పనిచ్చాడు. ప్రోగ్రామర్లు ఒకరికొకరు కాదనుకోలేరు, కాదనడం ఇరవై రెండేళ్లు చేసిన మనిషి కావాలి అన్నది ఆయన లెక్క. పాస్‌వర్డ్ ఒక్కసారి చెప్పమని నేను చేరిన కొత్తలో అడిగాను. "మా బాపు మోకు ఎవ్వలికియ్యకపోయేది బిడ్డా," అన్నాడు. బాపు అంటే నాన్న, మోకు అంటే చెట్టెక్కే తాడు. ఇంక నేను అడగలేదు.

ఆయన ఒక ఫారం తయారుచేసుకున్నాడు. లైబ్రరీ పేరు, ఎన్నో వెర్షన్, ఎవరు రాశారు, ఏం పని చేస్తుంది అన్నవరకు బాగానే ఉండేది. ఆ కింద ఎన్నేళ్లకు అని ఒకటి, ఒంటరిగానా కుటుంబంతోనా అని ఒకటి, చివర ఇక్కడ జమానతు, అంటే పూచీ, ఎవరు అని ఒకటి. లైబ్రరీలు కాక దృష్టిలో పని వెతుక్కుంటూ పరదేశం నుంచి వచ్చే మగవాళ్లు. మొదటిసారి ఫారం చూసి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక నా సంగతి. నాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద పనిచేసేవాడు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. గుడ్డకు గిరాకీ పడిపోయి వాడలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, చాలామంది భీవండి మగ్గాలకు పోయారు. బాపు, ఈడ అమ్ముడుపోని గుడ్డ ఆడ నేస్తే అమ్ముడుపోతుందా అని లెక్కవేసి, యాభై ఏళ్లకు రెండేళ్లు తక్కువగా ఉండగా గల్ఫ్‌కు పోయాడు. ఆఫీసులు ఊడ్చే పనన్నారు, బిల్డింగు పనిలో పెట్టారు. జీవితమంతా నీడన నిలబడి పనిచేసిన మనిషి ఎండలో రెండుసార్లు పడిపోయాడు. మూడోసారి పడకముందే క్యాంపులోంచి బయటికొచ్చేశాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఇలా కాగితాల్లేకుండా తిరిగేవాళ్లను మా వైపు ఖల్లివెల్లి అంటారు. నాకు ఉద్యోగం వచ్చేనాటికి బాపు ఖల్లివెల్లి అయి రెండేళ్లు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేస్తూ ఫోన్ మోగితే ఉలిక్కిపడేది.

ఆ ఏడు అక్కడి ప్రభుత్వం కాగితాల్లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని గడువు ఇచ్చింది. పాస్‌పోర్టు లేనివాళ్లకు దాని బదులు ఇంటికి పోవడానికి ఔట్‌పాస్ ఇస్తారు, కానీ వీడు మావాడేనని ఇంటి దగ్గరినుంచి అర్జీ రావాలి. అది అరబ్బీలో ఉండాలి, టైపు చేసి ఉండాలి, ఫోటో ఉండాలి. చేతిరాతవి కౌంటర్ దగ్గరే వెనక్కి ఇచ్చేస్తున్నారు. కోరుట్లలో గల్ఫ్ కార్మికుల కోసం నడిచే ఒక సహాయ కేంద్రం ఈ పని చేసేది. వాళ్ల ప్రోగ్రాం రాసింది మా ఆఫీసు, మా ఆఫీసులో రాసేది నేను. అర్జీ మీద కేంద్రం నంబరు పడాలి, ఆ నంబరు వేసేది ఆ ప్రోగ్రామే. కాబట్టి ఇంట్లో లాప్‌టాప్ మీద దొంగతనంగా ఒకటి తయారుచేసుకునే వీల్లేదు. ఆలోచించలేదని అబద్ధం చెప్పను.

చిక్కల్లా, మా ప్రోగ్రాం అరబ్బీ అక్షరాలను దేనికది విడగొట్టి, అదీ ఎడమనుంచి కుడికి ముద్రించేది. గడువు ఇంకా పదిరోజులుంది. వాటిని కలిపి, సరైన దిక్కునుంచి పేర్చే లైబ్రరీ ఒకటి దొరికింది. కుర్చీ లాక్కుని కాక ముందు కూర్చున్నాను. ముందు మా పాత అర్జీ చూపించాను. ఇరవై రెండేళ్లలో బోర్డులు చదివేంత అరబ్బీ ఆయనకు వచ్చింది.

"గిది రాత గాదు బిడ్డా, అటుకులు పారబోసినట్టున్నది," అన్నాడు. "సరే, గీయనెవలు? ఎవడు రాసిండు?"

"యూరప్‌ల ఒక పంతులు రాసిండు కాక. ఖాళీ ఉన్నప్పుడు రాస్తడట."

"జీతం ఎవలిస్తరు?"

"ఎవ్వలియ్యరు. ఊకెనే ఇస్తడు."

కాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఊకెనేనా? నేను పోయిననాడు ఏజెంటు గూడ గట్లనే అన్నడు. మీ బాపు మొకం జూసి ఊకెనే తీస్కపోతున్న అన్నడు."

"ఏజెంటు గాదు కాక, పంతులు."

"ఇంకెవలన్న తెచ్చుకున్నరా గీ లైబ్రరీని? తెచ్చుకున్నోళ్లు ఇప్పుడెట్లున్నరు?"

ఆ లైబ్రరీ వాడినవాళ్లు రాసిన ఫిర్యాదులూ, వాటికి ఆ పంతులు ఇచ్చిన జవాబులూ అన్నీ ప్రింటు తీసి ఇచ్చాను. కాక రెండురోజులు చదివాడు, వేలు పెట్టుకుని, తెలియని ఇంగ్లీషు మాటకల్లా నన్ను పిలుస్తూ. పదిరోజుల్లో రెండు అలా పోయాయి. మూడోరోజు పొద్దున, "మర్యాదస్తుడే," అని తేల్చాడు. "తిట్టినోనికి గూడ థ్యాంక్స్ చెప్పిండు. నువ్వు జర నేర్చుకోవాలె." నాకు నోరెక్కువని ఆఫీసంతటికీ తెలుసు. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను, పని నాది గనక.

"ఒక్కడే అస్తడా, పెండ్లాం పిల్లలతోనా?"

"ఇంకో రెండు లైబ్రరీలు కావాలె కాక. అవి లేంది ఇది నడువది."

"ఆ రెండింటికి?"

"అండ్ల ఒకదానికి ఇంకొకటి."

"ఊరంత దిగుతున్నది గదా," అన్నాడు. నాలుగు ఫారాలు తీసి నా ముందు పెట్టాడు. ఒక్కొక్కదానికి ఎవరు రాశారు, ఏం పని చేస్తుంది, ఎన్నేళ్లకు. నాలుగింటికీ జమానతు దగ్గర నా సంతకమే. అరబ్బీ లైబ్రరీకి ఇంకో కోరిక కూడా ఉంది. కాగితాన్ని పీడీఎఫ్‌గా మార్చే లైబ్రరీ మా స్టోర్‌లో ముందే ఉంది గానీ, దీనికి దాని కొత్త వెర్షనే కావాలి. అది కూడా చెప్పాను. ఐదో ఫారం రాయించుకుని కాక "సరే" అన్నాడు, ఒక్క ప్రశ్న లేకుండా. అంత తేలిగ్గా ఆయన సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

సంతకాలయ్యాక కూడా ఆయన ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షించి గానీ లోపలికి పంపలేదు. ఐదుగురూ స్టోర్‌లోకి వచ్చేసరికి మంగళవారమైంది. గడువు గురువారం. శుక్రవారం అక్కడ సెలవు, ఆ తర్వాత తలుపు మూతే. బుధవారం పొద్దున మిషన్‌ను నడిపించాను. ప్రోగ్రాంలో రెండు భాగాలున్నాయి. వివరాలు రాసుకుని, ఇంటివాళ్లు చదువుకుని వేలిముద్ర వేయడానికి తెలుగు కాగితం తీసేది ఒకటి. అరబ్బీ అర్జీ తీసేది రెండోది. అరబ్బీ భాగం హాయిగా తయారైంది. తెలుగు భాగం దగ్గర మిషన్ ఆగిపోయింది. పాత పీడీఎఫ్ లైబ్రరీ దొరకలేదంది. కొత్తదాంట్లో తెలుగు ఒత్తులు ఊడి పక్కన పడుతున్నాయని తెలుగుకు నేను పాతదే ఉంచాను. వివరాలు తీసుకునే భాగమే లేకపోతే అరబ్బీ భాగానికి ముద్రించడానికేమీ ఉండదు.

"కాకా, పాత పీడీఎఫ్ ఏడున్నది?"

"పంపిచ్చిన."

"యాడికి?"

"కేన్సిల్ చేసిన బిడ్డా. కొత్తాయన నిన్న అచ్చిండు గదా."

రిజిస్టర్ తీసి చూపించాడు. గుండ్రటి అక్షరాలతో వచ్చినవాళ్లు ఒకవైపు, పోయినవాళ్లు ఒకవైపు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ పాతదాని ఎదురుగా ఎర్రసిరాతో కేన్సిల్ అని ఉంది. నేను చేరినప్పటినుంచీ ఇదే జరుగుతోంది. కొత్తదంటే మాకందరికీ పిచ్చి, పాతదాని మొహం మళ్లీ చూసే అవసరం ఎవరికీ పడలేదు, అందుకే తెలియలేదు.

"సరే తీ. మల్ల తెద్దాం. ఫారం ఇయ్యి."

"మల్లనా?" కాక నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కేన్సిలైనోడు అప్పుడే మల్లెట్లస్తడు? బ్యాన్ ఉంటది. ఆర్నెల్లు."

వేళాకోళమనుకున్నాను. కాదు. రిజిస్టర్‌లో దానికీ ఒక గడి ఉంది, ఆర్నెల్ల తర్వాతి తారీకు వేసి ఉంది. అప్పుడు నా నోరు నా చేతిలో లేకుండా పోయింది.

"నీ బ్యాన్ల మన్నువడ. మా బాపు ఆడ రేపటి గురించి ఎదురుచూస్తుంటే ఆర్నెల్లంటవేంది? ఇది కంప్యూటర్ కాక. ఒకడు అచ్చిండని ఇంకొకన్ని ఎల్లగొట్టే పని లేదు. పాతోడుంటడు, కొత్తోడుంటడు. పది వెర్షన్లున్నా జాగ నిండది. ఎవలికి ఎవలు కావాల్నో వాళ్లనే పిలుచుకుంటరు. గీ మాత్రం తెల్వదా?"

ఆఫీసు మొత్తం కీబోర్డుల మీద చేతులు ఆపేసింది. కాకకు నేను ఎదురు చెప్పడం కొత్త కాదు గానీ, మన్నువడ అని పెద్దమనిషిని ఎవరూ అనలేదు. ఆయన కోపం తెచ్చుకోలేదు. నా వైపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఇద్దరుంటరా?"

"ఉంటరు."

"ఒక్కటే పనికి?"

"ఒక్కటే పనికి."

ఆయన రిజిస్టర్ మూశాడు. "మా కంపెనీల ఒక్క స్టోర్‌కు ఒక్కటే వీసా బిడ్డా. నా జాగల అచ్చినాయన మా పక్క ఊరాయనే. మూడు నెలలు పని నేర్పిన. నేర్పినంక నన్ను కేన్సిల్ చేసిండ్రు. ఆయన్నేమన్న అంటె ఏమస్తది. అంతటా గట్లనే ఉంటదనుకున్న. ఇద్దరుండచ్చని నాకెవ్వలు చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ల కొలువు మనిషిని, మన్నువడ అన్నాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాను. అప్పటికే ఆయన కొత్త ఫారం తీసి తన చేత్తోనే రాస్తున్నాడు. ఎన్నేళ్లకు అన్నచోట గీత కొట్టాడు. జమానతు దగ్గర తన సంతకం పెట్టాడు. పది నిమిషాల్లో పాత పీడీఎఫ్ స్టోర్‌లోకి తిరిగొచ్చింది, మిషన్ రెండు భాగాలూ తయారుచేసి ఇచ్చింది.

ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కోరుట్ల బస్సెక్కాను. కాక నా వెనకాలే ఎక్కాడు. అరబ్బీ కాగితం కళ్లతో చూడందే నమ్మనన్నాడు. మేడిపల్లి దాటాక ఆయన కిటికీలోంచి పసుపు చేలు చూపించి, ఈ ఏడు దుంప మంచిగూరలేదట అన్నాడు. నేను అవునట అన్నాను. అలా రాజీ అయిపోయింది.

కేంద్రం ముందు మనుషులకంటే చెప్పులు ఎక్కువున్నాయి. మా వైపు ఎరువుల బస్తాల దగ్గర చేసినట్టే, చెప్పులు వరుసలో పెట్టి ఆడవాళ్లంతా నీడకు పోయి కూర్చున్నారు. అవ్వ తెల్లవారకముందే సిరిసిల్లలో బస్సెక్కి వచ్చింది. ఆమె చెప్పులు పందొమ్మిదో జత. ప్రోగ్రాం రాసింది నేను, తెచ్చింది నేను, ఎవరూ చూడటం లేదు కదా అని వంగి, ఆ జతను తీసి మూడో చోట పెట్టబోయాను.

"చెప్పులు ముట్టకు," అంది అవ్వ నీడలోంచి. "అందరి మొగోళ్లు ఆడనే ఉన్నరు."

జతను ఎక్కడిదక్కడ పెట్టి లోపలికి పోయాను. ముందున్నవాళ్లకు ఒక్కొక్కరికీ వివరాలు రాసి, తెలుగు కాగితం చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, అరబ్బీ అర్జీ తీశాను. మొదటిది ఒక మేడిపల్లి ఆమె భర్తది. ప్రింటర్‌లోంచి కాగితం రాగానే కాక తీసుకుని, కుడినుంచి ఎడమకు వేలు జరుపుతూ పేరు పైకి చదివాడు. ఆమె "అవు, ఆయన్నే," అంది. ఆ తర్వాత ఏ అర్జీ అయినా కాక చదివి, ఇంటావిడ అవునంటేనే స్కాన్ చేసి ఫోన్‌లో అక్కడికి పంపనిచ్చేవాడు. పందొమ్మిదోది వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బాపు పేరు, తాత పేరు ఆయన నోట విని అవ్వ తల మాత్రం ఊపింది.

ఆ తర్వాత కాక స్టోర్‌లోంచి ఒక్కదాన్నీ తీసెయ్యనివ్వలేదు. కేన్సిల్ అని రాసినవన్నీ వెతికి వెతికి వెనక్కి తెప్పించాడు, వాటితో మాకెవరికీ పని లేకపోయినా. డిస్కు నిండుతోందని ఓనరు మొత్తుకుంటే, "ఇంకో డిస్కు కొనుండ్రి, ఎల్లగొట్టుడు నాతోని గాదు," అన్నాడు. జమానతు గడి మాత్రం తీయలేదు. ఇప్పటికీ లైబ్రరీ కావాలంటే ఆయన ముందు కూర్చోవాల్సిందే.

రెండు వారాలకు, భోజనాలయ్యాక, ఆఫీసులో ఉండగా నా ఫోన్ మోగింది. బాపు.

"ఔట్‌పాస్ ఇచ్చిండ్రు బిడ్డా. ఎల్లుండి విమానం. గని ఎయిర్‌పోర్టుల వేలిముద్ర పెట్టంగనే పట్టుకుంటరని అంటున్నరు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆ మాటే కాకకు చెప్పాను. నేనెప్పుడూ విమానాశ్రయం లోపలికే పోలేదు. నా మొహం చూసి కాక లేచొచ్చి చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను.

"తమ్మీ, నేను నీ బిడ్డ ఆఫీసుల మనిషిని. ఇను. ఔట్‌పాస్ చేతుల పట్టుకో, సంచిల పెట్టకు. వేలిముద్రకు లోపలి గదిలకు తీస్కపోతరు, అందరిని తీస్కపోతరు, భయపడకు. నీళ్లడుగు, ఇస్తరు. వాడు నీ మొకం దిక్కు చూస్తడు. తల కిందికెయ్యకు."

అవతల బాపు ఏదో అన్నాడు. ఫోన్‌లోంచి సన్నగా నాకూ వినిపించింది. తప్పు చేసి వస్తున్న గదా అన్నా, అంటున్నాడు.

"ఏం తప్పు?" అన్నాడు కాక. గొంతు పెంచలేదు. "ఎవని సొమ్మన్న ఎత్తుకచ్చినవా? ఎండల పని చేసినవ్. పానం బాగలేక బయటికచ్చినవ్. సూటిగ చూడు వాని దిక్కు."

ఫోన్ నా చేతికిచ్చి పోయి తన కుర్చీలో కూర్చుని, రిజిస్టర్ తెరిచాడు.

"ఎవలు బిడ్డా గాయన?" అన్నాడు బాపు.

"మా స్టోర్ చూస్తడు బాపు. రోజు కొట్లాడుకుంటం."

"బయటికచ్చి రెండేండ్లు దాటె," అన్నాడు బాపు. "పోలీసు అవుపడితె మొకం తిప్పుకో అన్నోళ్లే అందరు. సూటిగ చూడుమని ఒక్కలు అనలేదు."

నేను ఏడ్చాను. తొమ్మిదిమందీ చూస్తుండగానే ఏడ్చాను.

"ఏడువకు. దిగంగనే ముందుగాల ఆయన తానికి అస్త."

"ముందుగాల అవ్వ తానికి పో బాపు," అన్నాను.